మా ఊరి వైపు ఒరిగిన పడవ

కరీంనగర్‌లో కూర్చుని ఓడలు గీస్తానంటే ఒక్కడూ నమ్మడు. మంగలి షాపులో చెప్పి చూశాను. కత్తెర ఆపి, అద్దంలో నా మొహం చూసి, "సముద్రం యాడుంది సార్ ఇక్కడ?" అన్నాడు. నాకిది కొత్త ప్రశ్న కాదు. పెళ్లిచూపులప్పుడు మా మామగారు అడిగిందీ ఇదే. కాకపోతే ఆయన ఒక్కసారి అడిగి పిల్లనిచ్చి ఊరుకున్నాడు. మంగలి ప్రతి క్షవరానికీ అడుగుతాడు.

అందుకే ముందే చెబుతున్నాను. తూర్పు తీరంలో ఓడలు కట్టే పెద్ద కార్ఖానా ఒకదానిలో నా ఉద్యోగకాలమంతా డిజైన్ విభాగంలో గడిపాను. లెక్కలేనన్ని ఓడలకు రూపం పోశాను. తుపాన్లలో నిలబడ్డ ఓడలవి.

లెక్కలేనన్ని అన్నాను గానీ, లెక్క ఉంది. చెబితే మీరు నవ్వుతారు. వాటిలో చాలా భాగం కాగితం మీద పుట్టి కాగితం మీదే పోయాయి. నీళ్లలోకి దిగినవాటిలో నా వంతు మొదట మరుగుదొడ్ల పైపులు, తర్వాత మెట్లు. జుట్టు నెరిశాక గానీ అసలు బల్ల దగ్గరకు రానివ్వలేదు. అసలు బల్ల అంటే ఓడ ఎంత బరువుంటుంది, ఎంత లోతు మునుగుతుంది, గాలికి ఎంత ఒరుగుతుంది, ఒరిగింది మళ్లీ లేస్తుందా అని లెక్కలు కట్టే చోటు. అక్కడ మాత్రం నేను మంచి పనివాణ్ణి. ఈ ఒక్క మాట పెంచి చెప్పడం లేదు.

మా పని ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఓడ కావాలని ఒకాయన వస్తాడు. పెద్దది కావాలి, తేలికగా ఉండాలి, వేగంగా పోవాలి, చవగ్గా రావాలి అంటాడు. ఈ నాలుగూ ఒక ఓడలో ఇమడవు. ఆ సంగతిని ఆయనకు కోపం రాకుండా చెప్పే కార్యక్రమానికే ఫీజిబిలిటీ స్టడీ అని పేరు. ఆయన ఒప్పుకున్నాక పొడవు, వెడల్పు, లోతు అనుకుంటాం. వాటి మీద బరువు లెక్క, బరువు మీద ఇంజను, ఇంజనుకు చోటు. ఆ చోటు చాలదు కాబట్టి మళ్లీ పొడవు దగ్గరికి. గానుగెద్దులా తిరగడమే. ఎద్దుకు కళ్లకు గంతలుంటాయి, మాకు అవి కూడా ఉండవు. అంతా అయ్యాక నియమాల పుస్తకం పట్టుకుని ఇంకొకాయన వస్తాడు, మళ్లీ మొదటి నుంచి తిప్పుతాడు.

రిటైరై వచ్చేసినప్పుడు ఈ గానుగ వదిలిందనుకున్నాను. మా అక్క కొడుకు ఉన్నాడని మరిచిపోయాను.

మా ఊరు మానేరు నీళ్ల కింద ఉంది. రిజర్వాయర్ నిండినప్పుడు ఊరు ఊరంతా లేచి రోడ్డు పక్కన కాలనీకి వచ్చింది. ఇప్పుడు ఊరి గుర్తుగా మంచినీళ్ల ట్యాంకు తలకాయ ఒక్కటే నీళ్ల పైన కనిపిస్తుంది, దాని మీద కొంగలు కూర్చుంటాయి. చిత్రమేమిటంటే ఎత్తు మీద ఉన్న చెలకలు, అంటే మెట్టచేలు, కొన్ని మునగలేదు. అవి అవతలి గట్టున మిగిలాయి. రోడ్డు మీద చుట్టు తిరిగి పోతే పొద్దు సగం దారిలోనే గడిచిపోతుంది. అందుకని ఊరివాళ్లు చేపల పడవల్లో దాటేవాళ్లు. ఎక్కడో ఒక పడవ బోల్తా పడిందని వార్త వచ్చాక అధికారులు వచ్చి, చేపల పడవలో మనిషిని ఎక్కిస్తే కేసు పెడతామని చెప్పి వెళ్లారు. సర్టిఫికెట్ ఉన్న పడవ అయితేనే జనం ఎక్కాలి.

మా అక్క పత్తి ఆ గట్టున ఉంది. బావ పోయినప్పటి నుంచి ఆ చెలకను ఆమే చూసుకుంటోంది, ఎవరికీ కౌలుకివ్వలేదు.

కొడుకు చేపల సంఘానికి అధ్యక్షుడు. తల్లిని బండి మీద వెనక కూర్చోబెట్టుకుని ఒక పొద్దున మా ఇంటికి వచ్చాడు.

"మామా, నువ్వు పేద్ద పేద్ద జహాజులు కట్టినోనివి. గీ పడవ నీకొక లెక్కనా?"

"లెక్కనేరా. అన్నిటికన్న ముందు లెక్కనే. ఎంతమంది ఎక్కాలె?"

"ఎంతమంది వస్తె గంతమంది."

"మేకలు?"

"మేకలెందుకొస్తయ్ మామా?" అని తల్లి వైపు చూశాడు. "ఒకటి రెండు వస్తయనుకో."

"బండ్లు?"

"బండి లేకుంటె ఆ గట్టు దిగినంక నడుస్తరానే? పత్తి మూటలు గూడ రాసుకో. మందు గొట్టే పంపులు రాసుకో. ఇంక మామా, పైన జర ఒక మేడ పెడితె ఏమైతది? ఐతారం నాడు పట్నపోళ్లను తిప్పుకోవచ్చు."

"మేడ పెడితె పడవ తలకిందులైతది."

"సినిమల్ల చూస్తలేమా? మూడు మేడల పడవలుంటయ్!"

వీడితో నాకు చిన్నప్పటి నుంచీ ఇంతే. అక్క చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ అంతా విన్నది. తర్వాత ఒకే మాట అన్నది.

"తమ్మీ, మేడలొద్దు గీడలొద్దు. పత్తి పలిగే నాటికి పడవ నీళ్ల మీద ఉండాలె. లేకుంటె నా పత్తి చెట్టు మీదనే నల్లబడ్తది."

పెద్ద పెద్ద ఓడల యజమానులు కోటు వేసుకుని వచ్చి, తెరల మీద బొమ్మలు చూపించి చెప్పినా అంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పలేదు. సరే అన్నాను.

*

వెడల్పైన చదును పడవ గీశాను. ఎండాకాలం నీళ్లు తగ్గినా నేలకు తగలకూడదు కాబట్టి తక్కువ లోతు. పైన ఎండకు రేకు నీడ. పత్తి మూటలతో ఒక తంటా ఉంది. అవి తేలికే గానీ ఎత్తుగా పేరుస్తారు. ఎత్తున ఉన్న బరువు పడవను తూలిస్తుంది, పైగా మూటల గోడకు గాలి తగులుతుంది. అందుకని మూటలు అడుగునే పడుకునేలా నడుమ గుంట పెట్టాను. అటూ ఇటూ నేలకు బిగించిన బెంచీలు, మధ్యలో ఇరుకు దారి, అంచుల వెంట కడ్డీలు.

నమూనా కూడా చేయించాను. బస్సెక్కి నిర్మల్ పోయి, బొమ్మలు చేసే ఒకాయనకు నా గీతలిచ్చాను. పొనికి కర్రతో అచ్చంగా చెక్కాడు. అంతటితో ఆగకుండా పడవకు పసుపు రంగు, అంచున బంగారు పూలు, బెంచీల మీద వేలెడంత మనుషులను కూడా పెట్టాడు. ఎర్రచీరల ఆడవాళ్లు, తెల్ల తలపాగాల మగవాళ్లు, అందరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. దాన్ని మా పెరటి గాబులో తేలేసి, అలలు పుట్టించి, ఫ్యాను పెట్టి గాలి కొట్టించాను. అంతర్జాతీయ ప్రమాణాలతో పరీక్ష చేశానని సంఘం మీటింగులో చెప్పాను కూడా. ఫ్యాను మా ఆవిడది. పరీక్ష మధ్యలో ఉల్లిగడ్డలు ఆరబెట్టాలని తీసుకుపోయింది. అయినా పడవ రాయిలా నిలబడింది. బొమ్మల్లో ఒక్కటీ కదలలేదు.

ఈ బొమ్మలను గుర్తుంచుకోండి.

కట్టే పని కరీంనగర్‌లోనే ట్రాక్టర్ ట్రాలీలు, గేట్లు చేసే భాయ్‌కి అప్పగించాం. నా వయసువాడే. ఈ చుట్టుపక్కల ఏ గేటు తోసినా అది ఆయన చేసిందే అయి ఉంటుంది. అదే ఆయన గొప్ప, నా పాలిట అదే దెబ్బ. ట్రాలీ ఎంత బరువుంటే అంత మంచిదని నమ్మే మనిషి. నేను నాలుగు మిల్లీమీటర్ల రేకు అని గీస్తే, పోయి చూసేసరికి ఆరు మిల్లీమీటర్ల రేకు అతికిస్తున్నాడు.

"భాయ్, గిదేంది?"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. మీ పైసలేం ఎక్కువ తీస్కోను. దిల్‌తోటి పెట్టిన."

"దిల్ బరువు లెక్కల రాలేదు భాయ్! రేకు మందమైతె పడవ మునుగుతది."

"అరే సాబ్, జర సమజ్ చేస్కోండ్రి. పల్చ రేకు పెట్టి రేపు సొట్ట పడితె నా ఇజ్జత్ ఏం గావాలె? దునియాల ఎవడన్న బలంగ చేసినందుకు లడాయి చేస్తడా?"

నేను చేశాను. అడుగు భాగం అప్పటికే అతికించేశాడు కాబట్టి అది ఉండిపోయింది, పక్కలకు మాత్రం పలచ రేకు వేయించాను. ఇంటికొచ్చి బరువు లెక్క మళ్లీ చేశాను. బరువు పెరిగింది కాబట్టి మునక పెరిగింది. మునక పెరిగింది కాబట్టి ఎక్కే మనుషులు తగ్గారు. ఆ సంగతి చెబితే మేనల్లుడు మొహం గంటు పెట్టుకున్నాడు. గానుగ మొదలైంది.

ఈలోగా, పడవలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సర్వేయర్‌కు పంపిన డ్రాయింగులకు జవాబు వచ్చింది. రాత్రి దీపాలు ఏ రంగు, ఏ వైపు? నిప్పు ఆర్పే డబ్బాలు ఎక్కడ? లైఫ్ జాకెట్లు చిన్న పిల్లల సైజువి ఎన్ని? హారన్ ఎంత దూరం వినిపిస్తుంది? లంగరు గొలుసు పొడవెంత? అన్నీ న్యాయమైనవే, నేనే ఒకప్పుడు ఇతరుల డ్రాయింగుల మీద రాసిన ప్రశ్నలే. అవి మన మీదికి వచ్చినప్పుడు ఎంత చిరాకో అప్పుడు తెలిసింది. హారన్ గురించి మేనల్లుడు, "డీజే పెడ్దాం మామా, అవతలి గట్టుకు కూడ ఇనవడ్తది" అన్నాడు. వాణ్ణి బయటికి పొమ్మన్నాను.

ఇక ఒక ప్రశ్న మిగిలింది. ప్రయాణికులందరూ ఒకే పక్కకు చేరితే పడవ ఎంత ఒరుగుతుంది? జనం ఎక్కే ప్రతి ఓడకూ ఈ లెక్క తప్పదు. నేను దానికి చాలా తెలివైన జవాబు రాశాను. బెంచీలు నేలకు బిగించి ఉన్నాయి, దారి ఇరుకు, కాబట్టి ఒక పక్కకు చేరగలిగేది కొద్దిమందే, లెక్క ఆ కొద్దిమందితోనే చేశాను అని. అందరినీ ఒక పక్కకు చేర్చి లెక్కిస్తే పడవ ఇంకా వెడల్పు కావాలి. వెడల్పు పెంచితే మళ్లీ గానుగ. పైగా పత్తి పూతకొచ్చింది. సరేనండి, ట్రయల్లో చూస్తాం అని సర్వేయర్ రాశాడు. ఆ జవాబు రాసిన రోజు నన్ను నేనే మెచ్చుకుని మిర్చి బజ్జీలు తెప్పించుకున్నాను.

*

పడవ నీళ్లలో దింపిన రోజు పోచమ్మకు కోడిని కోశారు. రెండు పక్కలా నేను తెల్లరంగుతో గీయించిన గీతలున్నాయి. బరువెక్కాక పడవ ఈ గీత వరకే మునగాలి, గీత నీళ్ల కిందికి పోతే మనుషులు దిగాలి. ఆ గీత మీద ఎవరో దిట్టంగా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. తుడవబోతే ఆడవాళ్లు నా మీదికి లేచారు. సర్వేయర్ వచ్చే రోజు వరకూ ఆ గీత పెళ్లికూతురులా ఉంది.

సర్వేయర్ అంటే ఆరడుగుల పైన మనిషి, గంభీరమైన గొంతు, గద్దలాంటి చూపు.

నిజానికి నాకన్నా పొట్టి. తీరం వైపు నుంచి వచ్చిన మర్యాదస్తుడు, మాటకు ముందు 'అండి', మాటకు వెనక 'అండి'. భయపడేటప్పుడు మనుషులు పొడుగ్గా కనిపిస్తారు.

మొదటి రోజు ఇంక్లైనింగ్ పరీక్ష. పడవ బరువు ఎంత ఎత్తున ఉందో తెలుసుకునే పరీక్ష అది. మనుషులందరినీ దింపేసి, తెలిసిన బరువులను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపి, దారానికి వేలాడదీసిన గుండు ఎంత జరిగిందో కొలుస్తారు. గాలి ఉండకూడదు, పడవ మీద ఎవరూ కదలకూడదు. ఇసుక సంచులు జరిపాం. గుండు కుదురుకోదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. సర్వేయర్ మొహం చిట్లించాడు. లోపల వెతికితే బెంచీ వెనక నీడలో మా అక్క కొంగు పరుచుకుని పడుకుంది.

"అక్కా! అందరు దిగాలన్నం గద?"

"నేనేం కదుల్తున్నానురా? పడుకున్న."

"ఒత్తిగిల్లుతున్నవ్!"

"గింత ఎడల్పు పడవ, నేను ఒత్తిగిల్లితె ఒరుగుతదా? ఏం పడవరా చేసినవ్?"

ఆమెను దింపి మళ్లీ కొలిచాం. గుండు కుదురుకుంది గానీ ఫలితం నా లెక్క కన్నా చెడ్డగా వచ్చింది, బరువు ఎక్కడో పైన ఉంది. తల ఎత్తి చూశాను. రేకు నీడ పైన టార్పాలిన్ కప్పి ఏదో దాచారు. తీయిస్తే ఇనుప చట్రం. మేనల్లుడు మేడకు పునాది వేసుకున్నాడన్న మాట.

"మేడ కాదు మామా. ఉత్త ఫ్రేము. రేపు ఎప్పుడన్న మనసు వడితె..."

నేను నోరు తెరిచేలోగా భాయ్ కటింగ్ మెషిన్ పట్టుకుని పైకెక్కాడు, "నాకు చెప్పలేదు సార్, రాత్రికి రాత్రి వేరేటోనితోటి చేయించిండు" అని గొణుక్కుంటూ. ఆయనకు కోపం చట్రం పెట్టినందుకు కాదు, ఇంకొకడు అతికించినందుకు. చట్రం కోసి, మళ్లీ కొలిచాం. ఈసారి లెక్క కుదిరింది.

తర్వాతి రోజు జనంతో ట్రయల్. సర్వేయర్ సర్టిఫికెట్‌కు కావలసినవన్నీ సిద్ధంగా తెచ్చుకున్నాడు. అవతలి గట్టున అక్క చెలక తెల్లగా విచ్చుకుందని చేపలకు పోయినవాళ్లు చెప్పారు. ఈ పూట గడిస్తే రేపు పొద్దున్నే ఏరుడుకు పోవచ్చు. కాలనీ నుంచి సరిగ్గా ఎంతమంది అనుకున్నామో అంతమందీ ఎక్కి, నిర్మల్ బొమ్మల్లా బుద్ధిగా కూర్చున్నారు. పత్తికి బదులు బొంతల మూటలు వేశారు. కొత్త పడవ కాబట్టి ఆడవాళ్లు బంతిపూలు, పసుపు, కుంకుమ తెచ్చారు. నేను కుడి వైపు బెంచీ మీద, సర్వేయర్ పక్కన కూర్చున్నాను, ఎంత ఒరిగిందో చూపే బుడగ గొట్టం ఒళ్లో పెట్టుకుని. బుడగ నడిమధ్యన ఉంది. "బాగుందండి" అన్నాడు సర్వేయర్. నేను ఓడలు నడిపిన తుపాను కబుర్లు మొదలుపెట్టాను. తుపానులో నేను ఎప్పుడూ లేను. హార్బరులోపలే ట్రయల్‌కు పోయి వాంతి చేసుకున్న మనిషిని. కానీ ఆ పొద్దున ఆ కబుర్లు చాలా సహజంగా వస్తున్నాయి.

నీళ్ల నడుమకు వచ్చాం. ఎడమ వైపు ట్యాంకు తలకాయ కనిపించింది. కొంగలు లేచాయి.

"అగో, ఊరు" అన్నది అక్క. అని లేచింది.

అంతే. పడవ పడవంతా లేచింది. దారి ఇరుకని ఎవరూ ఆగలేదు. బెంచీల మీద నుంచి దాటారు, మూటల మీద నుంచి దాటారు, ముసలివాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని దాటారు. అందరూ ఎడమ కడ్డీ దగ్గర. చేతుల్లో రూపాయి బిళ్లలు, బంతిపూలు. పోచమ్మ గద్దె ఇక్కడ, బడి అక్కడ, మా వాకిలి గా ట్యాంకు ఎనక, అని వేళ్లతో నీళ్లను చూపిస్తున్నారు. బొంతల మూట ఒకటి దొర్లి వాళ్ల వెంటే పోయింది. పడవ పల్టీ కొట్టబోయింది.

పల్టీ ఏం కాదు. ఒరిగింది. కానీ అంచుకూ నీటికీ మధ్య జానెడే మిగిలింది. పసుపు పూసిన గీత ఎక్కడో నీళ్ల కింద ఉంది.

"కూర్చోండమ్మా! అందరూ కూర్చోండి!" సర్వేయర్ అరుస్తున్నాడు. ఆయన గొంతు గంభీరంగా లేదు. ఎవరికీ వినిపించలేదు. చివరికి నాకోసం చూశాడట. బెంచీ మీద బుడగ గొట్టం ఉంది. నేను లేను.

ఎడమ కడ్డీ దగ్గర, అక్క పక్కన చేతులు జోడించి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. ట్యాంకుకు అవతల, గద్దె దాటాక మా ఇల్లు. గోధుమరంగు నీళ్లలో అది ఏ చోటో పోల్చుకుందామని చూస్తున్నాను. జేబులో బిళ్ల కోసం వెతుకుతున్నాను కూడా. ఆ ఊళ్లో పుట్టినవాడెవడూ దాని మీదుగా కూర్చుని పోడని నాకు ముందే తెలియాలి. తెలుసు కూడా. లెక్కలో మాత్రం రాయలేదు.

"మీరు కూడానా సార్?" అన్నాడు సర్వేయర్ వెనక నుంచి.

*

సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఎలా ఇస్తాడు? నేనైనా ఇవ్వను.

గట్టు దిగాక మేనల్లుడు నన్ను పక్కకు తీశాడు. "మామా, సీదా పోవుడెందుకు? ట్యాంకు దిక్కు పోకుంట జర చుట్టు తిప్పుకపోదాం. ఊరు కనవడకుంటె ఎవలు లేస్తరు?"

అక్క విన్నది. "గట్లయితె నేను ఎక్క" అన్నది.

"అవ్వా, నీ పత్తి కోసమే గదనే గిదంత!"

"పత్తి పోతె పోనీ. ఊరి మొకం సూడకుంట దొంగలెక్క పక్కపొంటి పోతనా?" అని నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పు. నువ్వెందుకు లేసినవ్?"

గింజుకుని, "పడవను చూడ్డానికి లేసిన" అన్నాను. ఆమె నవ్వింది, పళ్లు లేని నోటితో.

ఎందరో యజమానులు ఎన్నో అడిగారు నన్ను. స్విమ్మింగ్ పూల్ అడిగినాయన ఉన్నాడు, ఆ ఓడ కాగితం దాటలేదు. ఈమె అడిగింది లేచి నిలబడే చోటు. అది నాకు మొదటి రోజే ఫీజిబిలిటీలో తట్టలేదు. మేకలను కూడా అడిగాను, ఇది అడగలేదు.

ఇంటికొచ్చి మళ్లీ బల్ల ముందు కూర్చున్నాను. ఈసారి అందరినీ లేపాను. అందరినీ ఎడమ కడ్డీ దగ్గర నిలబెట్టాను, మూటలను కూడా వాళ్ల వెంట పంపాను. వెడల్పు చాలలేదు. పడవను కోసి వెడల్పు చేయలేం కాబట్టి రెండు పక్కలా పొడవునా నీళ్లు చొరని ఇనుప పెట్టెలు అతికించాలి, రెక్కల్లా. ఒరిగినప్పుడు ఆ రెక్క నీటిలోకి దిగి పడవను పైకి ఎత్తుతుంది. పెద్ద ఓడలకు కూడా చేసే పనే ఇది. డిజైనరు తప్పు చేశాడని ఊరందరికీ కనబడేలా చేసే పని.

భాయ్ గీత చూసి, చాలాసేపు గడ్డం గోక్కుని, "ఆరు పెడ్దునా సార్?" అన్నాడు.

"నాలుగు!"

"అడుగుడు గూడ తప్పేనా సార్? అడిగిన, అంతే."

పడవను మళ్లీ షెడ్డుకు చేర్చి అతుకుతుండగా వాన పట్టుకుంది. పత్తి పలిగాక రాకూడని వాన. షెడ్డు రేకుల మీద అది కురుస్తుంటే నాకు వెల్డింగు చప్పుడు వినిపించలేదు. తెరిపి ఇచ్చాక మేనల్లుడు చేపల పడవలో ఒక్కడే పోయి చూసి వచ్చాడు. ముందు పలిగిన పత్తి తడిసి చెట్టు మీదే నల్లబడింది. వెనక కాయలు ఇంకా మూసి ఉన్నాయి, అవి మిగిలాయి. అక్కకు చెప్పడానికి నన్ను తీసుకుపోయాడు, భయపడి. ఆమె బియ్యం చెరుగుతోంది. విని, చాట ఆపలేదు.

"నీ లెక్కల పుస్తకం తడవలే గద తమ్మీ?"

అంతకన్నా తిడితే బాగుండేది.

సర్వేయర్ రెండోసారి వచ్చాడు. ఈసారి ఆయనకు జనం లేవడమే కావాలి, లేస్తేనే పరీక్ష. నడుమకు రాకముందే గొంతు సవరించుకుని, "ఇప్పుడు అందరూ లేచి ఎడమ పక్కకు రావాలండి" అన్నాడు. ఒక్కరూ కదల్లేదు.

"లేవండమ్మా, ఏం కాదు."

"గిప్పుడెందుకు లేస్తం సారూ?" అన్నది అక్క. "ఊరు రాలే గదా."

"రూలండీ, చూడాలండీ."

"ఊరు వస్తె లేస్తం."

ఆయన నా వైపు చూశాడు. నేను అవతలి గట్టు వైపు చూశాను. ఓడల జీవితమంతా నియమాలను జనానికి చెప్పి ఒప్పించే పనిలోనే గడిపాను, ఆ ఒక్కసారి నాకు ఓపిక లేదు. ట్యాంకు వచ్చింది. కొంగలు లేచాయి, జనం లేచారు. పడవ ఒరిగింది, రెక్క నీళ్లలోకి దిగింది, అక్కడ ఆగింది. సర్వేయర్ బుడగను చూసి, కొత్త గీతను చూసి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి అక్కకు ఇచ్చాడు. "నా తరపున వేయండి" అన్నాడు. ముందు అనుకున్నంతమంది కాదు, కొందరిని తగ్గించి సర్టిఫికెట్ ఇచ్చాడు. మేకల మాట అందులో లేదు. మేనల్లుడు ఇప్పటికీ దాని గురించి నాతో సరిగా మాట్లాడడు.

మిగిలిన పత్తి ఏరుడుకు పోయిన మొదటి పొద్దున నేను కూడా ఎక్కాను. కుడి బెంచీ చివర కూర్చున్నాను. ఈసారి కదలకూడదని, గీత నేను లెక్కించిన చోటికే మునుగుతుందా చూడాలని గట్టిగా అనుకున్నాను. ట్యాంకు వచ్చింది. అందరూ పోయారు. నేను కడ్డీ పట్టుకుని కూర్చునే ఉన్నాను.

అక్క వెనక్కి తిరిగింది. "లేవరా. నీ లెక్కల నువ్వు లేవా?"

ఉన్నాను. అందరినీ లేపినప్పుడు నన్ను కూడా లేపి, ఆమె పక్కనే నిలబెట్టి రాశాను. పోయి నిలబడ్డాను. గీత సరిగ్గా నేను చెప్పిన చోటికి మునిగింది.

సరిగ్గా కాదు, ఒక వేలు ఎక్కువ. నియమాల్లో మనిషి బరువు అందరికీ ఒక్కటే రాసి ఉంటుంది. నా పొట్ట సంగతి సర్వేయర్‌కు నేను చెప్పలేదు.